మా కోడలి పుట్టినతేదీ దిద్దండి: కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర హోం మంత్రి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్ నల్లకుంటలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూళ్లలో 32 ఏళ్లు పనిచేసి హెడ్మిస్ట్రెస్‌గా రిటైర్ అయ్యాను. మా కోడలు ఫిలిప్పీన్స్‌లో పుట్టింది. దుబాయ్‌లో నర్సుగా పనిచేస్తున్నప్పుడు మా అబ్బాయితో పరిచయమైంది. 2013లో పెళ్లి చేశాం. 2014 నుంచి మా ఇంట్లోనే, మాతోనే ఉంటోంది.

1955 నాటి పౌరసత్వ చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం, భారతీయుణ్ని పెళ్లి చేసుకుని దరఖాస్తుకు ముందు ఏడేళ్లు ఇక్కడే ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ ద్వారా పౌరసత్వం అడగవచ్చు. ఆ ఏడేళ్లూ నిండాకే మేం దరఖాస్తు పెట్టాం. విచారణకు పోలీసులు వచ్చినప్పుడు ఇరుగుపొరుగువాళ్లు కూడా వచ్చి ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. 2024 ఆగస్టులో పౌరసత్వ సర్టిఫికెట్ చేతికొచ్చింది. అందులో ఆమె పుట్టినతేదీ తప్పు పడింది. ఇంటి పేరూ తప్పు పడింది. 14 నెలలుగా తిరుగుతున్నాం, ఆ రెండూ అలాగే ఉన్నాయి.

ఏ ఆఫీసు పేరూ ఇక్కడ రాయను. ఒకరి మీద ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మేం వెళ్లిన చోట్ల చాలామంది మర్యాదగానే మాట్లాడారు, కొందరు కుర్చీ వేసి కూర్చోబెట్టి ఫైలు తీసి చూశారు. కానీ ‘ఈ తప్పు దిద్దడానికి దరఖాస్తు ఇది, ఇక్కడ ఇవ్వండి, ఇన్ని రోజుల్లో అవుతుంది’ అని ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగే నియమం వాళ్ల టేబుల్ మీద ఉండాలని అడగడానికే మీకు రాస్తున్నాను.

సర్టిఫికెట్ వచ్చిన రోజు సాయంత్రం స్వీట్లు తెప్పించి పూజగదిలో పెట్టాం. మా మనవడికి అప్పుడు తొమ్మిదేళ్లు. వాడు ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా బిగ్గరగా చదువుతూ ఒకచోట ఆగి, “నానమ్మా, అమ్మ బర్త్‌డే ఏప్రిల్‌లో కాదు కదా” అన్నాడు. అంతవరకు మేమెవరం చూసుకోలేదు. మా కోడలు 1990 జూలై 4న పుట్టింది. సర్టిఫికెట్‌లో ఏప్రిల్ 7 అని ఉంది. ఫిలిప్పీన్స్‌లో రోజువారీ రాతల్లో నెల ముందు, తేదీ తరవాత రాసే అలవాటు ఎక్కువ. దరఖాస్తుకు జతచేసిన ఆమె చదువు కాగితం ఒకదానిలో 07/04/1990 అని ఉంది. మన లెక్కలో అది ఏప్రిల్ ఏడు. అప్పట్లో ఆమె పాస్‌పోర్ట్‌లో నెల పేరు అక్షరాల్లోనే ఉంది, దరఖాస్తులోనూ సరిగ్గానే ఉంది. టైపు చేసినవారి కళ్ల ముందు ఆ క్షణాన ఏ కాగితం ఉందో అదే పడింది. ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేనూ చేశాను.

ఇంటి పేరు సంగతి ఇంకా చిత్రం. వాళ్ల పద్ధతిలో ముందు పెట్టిన పేరు, మధ్యలో తల్లి పుట్టింటి పేరు, చివర తండ్రి ఇంటి పేరు ఉంటాయి. మన తెలుగువాళ్లకేమో ఇంటి పేరే ముందు. ఈ రెండు పద్ధతుల మధ్య ఎక్కడో పడి, సర్టిఫికెట్‌లో ఆమె తల్లి పుట్టింటి పేరు ఆమె ఇంటి పేరుగా నిలిచింది, తండ్రి ఇంటి పేరు అసలు కనబడకుండా పోయింది. పక్క వరసలో తండ్రి పేరు మాత్రం సరిగ్గానే ఉంది. కాగితం మీద తండ్రీ కూతుళ్లు వేరే ఇళ్లవాళ్లు అయ్యారు. అమెరికా వెళ్లిన మన పిల్లల పేర్లు తలకిందులై వాళ్లు పడే అవస్థ ఇక్కడ ప్రతి వీధిలోనూ తెలుసు. అదే అవస్థ మన దగ్గరికి వచ్చిన పిల్లకూ పడుతోంది.

రెండు అంకెలు, ఒక ఇంటి పేరు. వీటివల్ల ఏమైందో చెబుతాను.

మన చట్టంలో రెండు పౌరసత్వాలు కుదరవు. కాబట్టి ఆమె పుట్టిన దేశం పౌరసత్వం వదులుకుంది, ఆ పాస్‌పోర్ట్ తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడు ఆమె ఏ దేశపు మనిషో చెప్పే కాగితం ఈ సర్టిఫికెట్ ఒక్కటే. మన పాస్‌పోర్ట్ దరఖాస్తులోనే ‘పుట్టుక వల్లనా, వంశం వల్లనా, రిజిస్ట్రేషన్ వల్లనా, నాచురలైజేషన్ (చాలా ఏళ్లు ఇక్కడ ఉండి పౌరులు కావడం) వల్లనా’ అని అడుగుతారు. రిజిస్ట్రేషన్ అంటే ఈ సర్టిఫికెట్ చూపించాలి. మిగతా కాగితాలన్నిట్లో జూలై 4, దీనిలో ఏప్రిల్ 7. దిద్దించుకుని రమ్మన్నారు. పాస్‌పోర్ట్ కౌంటర్‌లో ఉన్నవారిని తప్పుపట్టను, తేదీలు కలవకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

2025 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఆమె తల్లికి గుండె ఆపరేషన్ జరిగింది. మా కోడలు వెళ్లలేకపోయింది. నర్సు కదా, రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో రిపోర్టులు చూసి, అక్కడున్న చెల్లెలికి ఏ మందు గురించి డాక్టరును ఏమడగాలో చెప్పేది. వంటగదిలో దీపం వేసుకుని, మేం లేస్తామని గొంతు తగ్గించి మాట్లాడేది. ఒకరోజు నేను లేచి వెళ్తే, “అత్తమ్మా, నేను ఏ తప్పు రాశాను?” అని అడిగింది. ఆమె ఏ తప్పూ రాయలేదు. ఆమె రాసిన దరఖాస్తు నకలు నా బీరువాలో ఉంది, అందులో జూలై 4 అని స్పష్టంగా ఉంది.

ఇంకో మాట చెప్పాలి, ఇది నన్ను అన్నిటికన్నా కలతపెట్టింది. తిరగ్గా తిరగ్గా ఒకాయన, మా మేలు కోరే, ఒక సలహా ఇచ్చారు. “మేడమ్, సర్టిఫికెట్ దిద్దించడం మీవల్ల అయ్యే పని కాదు. ఆధార్‌లోనే ఏప్రిల్ 7 అని మార్పించండి, బ్యాంకులోనూ పాన్‌లోనూ మార్పించండి, అన్నీ కలిసిపోతాయి.” మా అబ్బాయి అలసిపోయి ఉన్నాడు, సరే అనబోయాడు. నేను వద్దన్నాను. ఆధార్‌లో పుట్టినతేదీ మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. నిజమైన తేదీని తీసి తప్పు తేదీ పెట్టడానికి ఆ ఒక్క అవకాశం ఖర్చు చేస్తే, రేపు సర్టిఫికెట్‌ను సరిచేసిన రోజున ఆధార్‌ను వెనక్కి తేవడానికి ఏ దారి పట్టాలి?

పైగా అది అబద్ధం. పౌరసత్వ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తెలిసి తప్పుడు వివరం ఇస్తే ఐదేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా. 10వ సెక్షన్ కింద, మోసంతోనో నిజం దాచిపెట్టో పొందిన రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. ఈ సెక్షన్లు ఉండాల్సిందే, నేను కాదనను. కానీ ఇవి తలమీద ఉండగా, ఒక టైపు పొరపాటును మోయడం కొత్త పౌరురాలికి ఎంత టెన్షనో ఆలోచించండి. ఎవరైనా ప్రశ్నిస్తే తాను విదేశీయురాలు కాదని నిరూపించుకోవాల్సిన భారం 1946 విదేశీయుల చట్టం 9వ సెక్షన్‌లో ఆ మనిషి మీదే ఉండేది. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ భారం అలాగే ఉంది. నిరూపించుకోవడానికి ఆమె చేతిలో ఉన్నదేమో తప్పులున్న సర్టిఫికెట్.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పనివ్వండి. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితా (నామినల్ రోల్స్) బోర్డుకు పంపేముందు, ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ అచ్చు తీసి ఇంటికి పంపేవాళ్లం. తల్లిదండ్రులు చూసి సంతకం పెట్టాకే ముందుకు వెళ్లేది. చదువురాని తల్లులుంటే నేనే చదివి వినిపించేదాన్ని. ఎస్సెస్సీ మెమోలో పడిన తేదీ జీవితాంతం వెంట ఉంటుందని మాకు తెలుసు కాబట్టి ఆ ఒక్క పనిలో తొందర పడేవాళ్లం కాదు. అడ్మిషన్ రిజిస్టర్‌లో తప్పు దొర్లితే చెరిపేయకూడదు. పాతది కనబడేలా ఒక్క గీత కొట్టి, ఎర్ర సిరాతో సరైనది రాసి, తేదీ వేసి హెడ్మాస్టర్ సంతకం చేయాలి. మా సీనియర్ నాకు మొదటి వారంలోనే నేర్పిన పని అది.

చట్టాల్లోనూ ఇదే పద్ధతి ఉందని తరవాత తెలుసుకున్నాను. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్‌లో, తప్పు పడిందని రుజువైతే రిజిస్ట్రార్ అసలు నమోదును మార్చకుండా పక్క మార్జిన్‌లో దిద్ది సంతకం, తేదీ వేయవచ్చు. కోర్టు తీర్పులోనే రాతపొరపాటు దొర్లితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద కోర్టు తనంతట తానే ఎప్పుడైనా దిద్దవచ్చు. జడ్జి గారి సంతకం ఉన్న తీర్పుకే ఆ వీలుంది. అమెరికాలో సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ దిద్దడానికి ఎన్-565 అని ఒక ఫారం ఉంది. తప్పు ఆఫీసుదే అయితే దానికి ఫీజు తీసుకోరు. మన వీధి నుంచి వెళ్లిన పిల్లలు అక్కడ ఆ ఫారం నింపి పంపగలుగుతున్నారు. ఇక్కడి పౌరురాలికి అలాంటి ఫారం ఏదో ఎవరైనా చూపిస్తే చాలని 14 నెలలుగా తిరుగుతున్నాం.

2009 నాటి పౌరసత్వ నియమాల్లో దరఖాస్తు పైకి వెళ్లడానికి గడువులు రాశారు. కలెక్టర్ 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి పంపాలి, రాష్ట్రం 30 రోజుల్లో కేంద్రానికి పంపాలి. గడువు రాసి ఉంటే ‘60 రోజులు దాటాయండీ’ అని అడిగే హక్కు మనిషికి వస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చాక జరిగే దిద్దుబాటుకూ అలాంటి గడువు ఒకటి, అందరికీ తెలిసేలా, తెలుగులోనూ చదువుకునేలా రాయించండి. 30 రోజులు చాలు. దరఖాస్తు, పాత పాస్‌పోర్ట్ నకలు, సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూస్తే పావుగంటలో తేలే విషయం ఇది.

అంతకన్నా ముందు, సర్టిఫికెట్ మీద సంతకం పడకముందే చిత్తు ప్రతి దరఖాస్తుదారుకు చూపించే ఏర్పాటు చేయండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెడుతున్నాం, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, ‘ఈ వివరాలు సరేనా’ అని అడగడం కష్టమేమీ కాదు. పుట్టినతేదీలో నెలను అక్షరాల్లో రాయించండి. జూలై అని రాస్తే అది ఏ దేశంలోనైనా జూలైయే. పేరుకు ఒకే గడి కాకుండా, పాత పాస్‌పోర్ట్‌లో ఏ వరసలో ఉందో ఆ వరసలోనే వేరువేరు గడులు పెట్టించండి.

దిద్దుబాటు అడిగినవాళ్లను మళ్లీ మొదటి నుంచి విచారణకు పంపవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. దరఖాస్తులో సరిగ్గా ఉండి సర్టిఫికెట్‌లో తప్పు పడితే అది ఆఫీసు పొరపాటు. దానికి ఫీజు, అఫిడవిట్, పోలీసు రిపోర్టు అవసరం లేదని నియమంలో రాసి ఉండాలి. దరఖాస్తుదారు తెలియక తప్పు రాసి, తానే వచ్చి చెప్పుకుంటే, దాన్ని మోసంతో కలపకూడదని కూడా రాయాలి. లేకపోతే భయపడి ఎవరూ ముందుకు రారు, తప్పులు బీరువాల్లోనే ఉండిపోతాయి.

దిద్దిన సర్టిఫికెట్‌లో రిజిస్ట్రేషన్ నంబర్, తేదీ పాతవే ఉండాలి. ఆమె ఆ రోజు నుంచే పౌరురాలు. కొత్త తేదీ వేస్తే మధ్యలోని నెలలకు ఆమె ఎవరు అనే ప్రశ్న పుడుతుంది. ఇంకా, దిద్దుబాటు పూర్తయ్యేలోపు ‘ఈ సర్టిఫికెట్‌లో ఫలానా సవరణ పెండింగ్‌లో ఉంది, పౌరసత్వంలో ఏ సందేహమూ లేదు’ అని ఒక్క ఉత్తరం ఇప్పించగలిగితే, దాన్ని పాస్‌పోర్ట్ ఆఫీసు తీసుకునేలా ఆదేశిస్తే, ఫిబ్రవరిలో మా కోడలు తల్లి మంచం పక్కన ఉండేది.

నాచురలైజేషన్ ద్వారా వచ్చేవాళ్లకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో ఒకటి తగినంత తెలిసి ఉండాలని చట్టం అంటుంది. మా కోడలు వచ్చిన దారిలో ఆ షరతు లేదు. అయినా ఆమె తెలుగు నేర్చుకుంది. మనవడి తెలుగు వాచకం ముందు ఆమే చదివి, తరవాత వాడికి చెప్పేది. రాజ్యాంగానికి నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని ప్రమాణం చేయాల్సిన రోజుకు వారం ముందు నుంచి ఆ వాక్యాలను వంటింట్లో నాకు అప్పజెప్పింది.

మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిందని పిల్లలకు చెప్పేటప్పుడు, పౌరసత్వం గురించిన 5 నుంచి 9 వరకు అధికరణలు మాత్రం 1949 నవంబర్ 26నే అమల్లోకి వచ్చాయని కూడా చెప్పేదాన్ని. ఎవరు ఈ దేశపు మనుషులో తేల్చే పని రెండు నెలలు కూడా ఆగకూడదని పెద్దలు అనుకున్నారని నాకు అర్థమైంది. అందుకే మీకు రాసే ధైర్యం వచ్చింది.

ఆమె పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ బహిరంగ లేఖలో పెట్టడం సరికాదు కాబట్టి రాయలేదు. దరఖాస్తు నకలు, పాత పాస్‌పోర్ట్ జిరాక్స్, మేం ఇచ్చిన అర్జీల రసీదులు అన్నీ వరసగా ఫైలు చేసి ఉంచాను. మీ కార్యాలయం నుంచి ఎవరు, ఎక్కడికి రమ్మన్నా ఆ రోజే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్,
నల్లకుంట, హైదరాబాద్.