ఒక మీటరు, మూడు పొయ్యిలు: ఇంధన శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రివర్యులకు, కడప నగరంలో ఒకటి రెండు పోర్షన్లు బాడుగకిచ్చే చిన్న ఇంటి యజమానులు నమస్కరించి రాసుకున్న మనవి.

విషయం: బాడుగ ఇళ్లలో ఉమ్మడి మీటర్లు, గడిచిన ఏళ్ల సర్దుబాటు ఛార్జీలు, 300 యూనిట్ల నిబంధన.

అయ్యా,

చిన్నచౌకు, యర్రముక్కపల్లె, అక్కాయపల్లె, శంకరాపురం, ఏ వీధిలోకి పోయినా ఒకే తీరు ఇళ్లు కనబడతాయి. కింద యజమాని కాపురం, పక్కన చిన్న పోర్షన్, మిద్దె మీద ఇంకొకటి. మూడు కుటుంబాలు, మూడు వంటిళ్లు. గేటు పక్క గోడకు మాత్రం ఒకటే మీటరు. ఇల్లు కట్టిననాడు అందులో ఒక్క కుటుంబమే ఉండేది. తర్వాత పిల్లల చదువులకో, రిటైరయ్యాక మందుల ఖర్చుకో పైన రెండు గదులు వేసి బాడుగకిచ్చారు. మీటరు మారలేదు. యజమానికీ బాడుగకున్నవాళ్లకూ వచ్చే తగవులు చాలావరకు ఆ మీటరు దగ్గరే మొదలవుతాయి.

లెక్క చూడండి. ఇళ్ల కరెంటుకు మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. నెలకు 110 యూనిట్లు వాడే కుటుంబానికి సొంత మీటరుంటే, ఇతర ఛార్జీలు పక్కన పెట్టి, రూ.349.50 అవుతుంది. అలాంటి మూడు కుటుంబాలకు మూడు మీటర్లుంటే మొత్తం రూ.1,048.50. అవే 330 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే రూ.1,935.75. ఒక్క యూనిట్టూ ఎక్కువ వాడకుండానే నెలకు రూ.887.25, ఏడాదికి రూ.10,647 అదనం. సగటున యూనిట్టు రూ.3.18 పడాల్సింది రూ.5.87 పడుతోంది. పేదలకు తక్కువ రేటు అందాలని, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగేలా పెట్టిన శ్లాబు, ఉమ్మడి మీటరున్న ఇంట్లో పేద కుటుంబం మీదే ఎక్కువ రేటు వేస్తోంది. మాలో కొందరు ఈ తలనొప్పి వద్దని యూనిట్టుకు ఇంతని ఒకే రేటు కట్టి వసూలు చేస్తున్నారు. అది న్యాయం కాదని మాకూ తెలుసు. కానీ పై శ్లాబు భారం ఎవరి వంతుకు వేయాలో చెప్పే లెక్క ఏదీ లేదు.

వేరే మీటరు పెట్టుకోవచ్చు కదా అంటారు. విద్యుత్ చట్టం 2003లోని 43వ సెక్షన్ యజమాని అడిగినా, అందులో ఉండేవాళ్లు అడిగినా కనెక్షన్ ఇవ్వాలంటోంది. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు మునిసిపల్ ప్రాంతాల్లో ఏడు రోజులు గడువు పెట్టాయి. ఆచరణలో మాత్రం ఒకే డోరు నంబరుకు రెండో సర్వీసు అడిగితే ఒకచోట ఇంటి పన్ను అసెస్‌మెంటు వేరుగా చూపమంటారు, ఇంకోచోట భాగపంపకం కాగితం తెమ్మంటారు. తల్లిదండ్రులు బతికుండగా, ఇల్లు ఒకరి పేరునే ఉండగా ఆ కాగితం ఎక్కడినుంచి తేవాలి? వేరే వంటిల్లు, వేరే తలుపు ఉన్నాయని కరెంటు శాఖ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) స్థాయిలో చూసి, యజమాని ధ్రువీకరణ పత్రం తీసుకుని మీటరు ఇవ్వాలన్నది మా మొదటి విన్నపం. కావలసిన కాగితాల జాబితా ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీదా ఒకే తీరుగా ఉండాలి.

ఇంకో మాట మాలోమాకే చెప్పుకోవాల్సింది. మీటరు బాడుగదారు పేరు మీద పెడితే, రేపు అదే స్వాధీనానికి సాక్ష్యమవుతుందేమోనని చాలామంది యజమానులకు భయం. బిల్లు మీద యజమాని పేరు, కింద ‘బాడుగకు ఉంటున్నవారు’ అని రెండో పేరు అచ్చువేస్తే ఆ భయం పోతుంది. ఇద్దరికీ అదొక కాగితం ఆధారమవుతుంది.

మీటర్లు వేరైనంత మాత్రాన సరిపోదు, లోపలి వైరింగు కూడా వేరు కావాలి. ఇప్పటి సింగిల్ ఫేజు ఎలక్ట్రానిక్ మీటర్లు ఫేజులో పోయే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ కొలిచి, ఏది ఎక్కువైతే దాని మీద యూనిట్లు ఎక్కిస్తాయి. దొంగ వాడకం ఆపడానికి చేసిన ఏర్పాటది. పాత ఇంట్లో పై పోర్షన్, కింది పోర్షన్ న్యూట్రల్ తీగలు ఏదో ఒక జంక్షన్ బాక్సులో కలిసే ఉంటాయి. అప్పుడు పైవాళ్లు వాడిన కరెంటు కొంత కింది మీటరు గుండా తిరిగిపోతుంది, ఆ కొంత రెండు మీటర్లలోనూ ఎక్కుతుంది. బిల్లు పెరిగిందని కిందివాళ్లు గొడవకు దిగుతారు, మీటరు పరీక్షిస్తే బాగానే ఉందంటారు. కింద మెయిన్ వేసి ఉంచి, మిగతా స్విచ్చులన్నీ ఆపి, పైన గీజరు వేసి చూస్తే తేలిపోతుంది. కింది మీటరు లైటు మిణుకుతూ ఉంటే న్యూట్రల్ కలిసినట్టే. కొత్త మీటరు బిగించేటప్పుడే లైన్‌మన్ ఈ చిన్న పరీక్ష చేసి, ఫలితం రాసి ఇవ్వాలని ఆదేశించండి. పది నిమిషాల పని. ఒక హెచ్‌పీ బోరు మోటరు గంటకు సుమారు ఒక యూనిట్టు తాగుతుంది గనక, దాన్ని ఏ మీటరుకు కలిపారో కూడా అందులోనే రాయాలి.

ఇక సర్దుబాటు ఛార్జీలు. ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు) పేరుతో యూనిట్టుకు 40 పైసల దాకా వచ్చే మొత్తం, వాడిన రెండు నెలల తర్వాత బిల్లులో పడుతుంది. ఆ లోపల బాడుగవాళ్లు ఖాళీ చేసి, అడ్వాన్సు వెనక్కు తీసుకుని వెళ్లిపోయి ఉంటారు. అంతకంటే పెద్ద చిక్కు, 2022-23, 2023-24 సంవత్సరాల సర్దుబాటు మొత్తాల వసూలు ఎన్నో నెలలు గడిచాక మొదలుకావడం. ఆనాడు వాడింది ఒకరు, ఈనాడు బిల్లు వచ్చేది మరొకరికి. ‘అప్పుడు మేం ఇక్కడ లేమండీ’ అని ఇప్పుడున్నవాళ్లు అంటే, కాదనడానికి మా దగ్గర మాటేముంది? రెండు నెలల సగటు బిల్లు ప్రకారం కరెంటు సర్వీసుకు పెంచే అదనపు డిపాజిట్ కూడా ఇంతే. ఏసీ వాడినవాళ్లు వెళ్లిపోతారు, పెరిగిన డిపాజిట్ ఇంటాయన కడతాడు. ఖాళీ చేసే రోజు రీడింగు తీసి, రానున్న రెండు నెలల సర్దుబాటు మొత్తం కూడా కలిపి తుది బిల్లు ఇచ్చే పద్ధతి పెట్టండి. ఆ రసీదు ఉంటే అడ్వాన్సు లెక్క అక్కడికక్కడే తెగిపోతుంది.

అన్నిటికన్నా బాధ పెట్టేది చివరికి చెబుతున్నాం. బడి పిల్లల తల్లులకు డబ్బు సాయం చేసే తల్లికి వందనం పథకానికి 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, సగటున నెలకు 300 యూనిట్లు దాటిన కుటుంబం అనర్హమని ఉంది. సర్వీసు నంబరు ముడిపడి ఉండేది యజమాని ఆధార్‌తో. పైన లెక్క వేసిన ఇల్లే తీసుకోండి. యజమాని కుటుంబం వాడింది 110 యూనిట్లు, రికార్డులో పడింది 330. బడికి పోయే బిడ్డ ఉన్న ఇంట్లో, పక్క పోర్షన్ ఫ్యాన్లు తిరిగినందుకు సాయం ఆగిపోతోంది. ఇది మీ ఒక్క శాఖ పని కాదు. అయినా యూనిట్ల వివరం పంపేది మీ శాఖే. ఒక సర్వీసు కింద ఎన్ని కుటుంబాలున్నాయో వార్డు సచివాలయం సిబ్బంది చూసి నమోదు చేస్తే, యూనిట్లను ఆ సంఖ్యతో భాగించి పంపవచ్చు. మంత్రివర్గంలో ఈ మాట మీరు ఎత్తాలి.

ఏప్రిల్‌లో కడప ఎండకు కూలర్లు, ఏసీలు మొదలైతే ఉమ్మడి మీటర్ల బిల్లులు మళ్లీ 8.75 శ్లాబులోకి ఎక్కుతాయి. ఫిబ్రవరి ఆఖరుకల్లా ఒక్క సెక్షన్ ఆఫీసు పరిధిలోనైనా పోర్షన్‌కొక మీటరు ఇవ్వడం మొదలుపెట్టించండి. ఫేజు, న్యూట్రల్ విడదీసే లోపలి వైరింగు మా ఖర్చుతో మేం ముందే చేయించి ఉంచుతాం.

ఇట్లు,
కడప నగరంలోని చిన్న ఇళ్ల యజమానులు