ఆవు రక్తానికి మనిషి కొలతలా?

సంపాదకులకు నమస్కారాలు.

గజపతి జిల్లా పర్లాకిమిడి పక్క పల్లెలో మూడు తరాలుగా పాడి మీద బతుకుతున్న తెలుగు కుటుంబం మాది. మహేంద్రతనయ ఒడ్డు వెంబడి ఒడిశా పల్లెల్లోనూ, అటు పాతపట్నం వైపు పల్లెల్లోనూ పశువులకు జబ్బు చేసినప్పుడు జరుగుతున్న ఒక పొరపాటును మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పశువు రక్తాన్ని మనుషుల ల్యాబులో పరీక్ష చేయించి, మనిషికి వర్తించే హద్దులతో ఆ ఫలితాన్ని చదవడమే ఆ పొరపాటు.

కిందటి ఏడాది వానలు వెనకబట్టాక మూడో ఈత ఆవు ఒకటి మేత తగ్గించి చిక్కిపోసాగింది. పగలంతా తల వంచి మేసి ఇంటికి వచ్చేసరికి దాని దవడ కింద మెత్తటి సంచిలా నీరు దిగేది. వేలితో నొక్కితే పడిన గుంట కాసేపటికి గానీ పూడేది కాదు. దగ్గరలో పశువుల ల్యాబు లేదు కనుక రక్తం తీయించి పట్నంలో మనుషులకు పరీక్షలు చేసే చోట ఇచ్చాం. చేతికి వచ్చిన కాగితంలో కార్జం (కాలేయం) స్థితి తెలిపే మూడు ఎంజైముల అంకెలున్నాయి. అందులో ఎస్‌జీఓటీ 96 అని, పక్కన నక్షత్రం గుర్తుతో ‘ఎక్కువ’ అని ఉంది. ఎస్‌జీపీటీ మామూలే, 44 ఉన్న జీజీటీ కూడా మామూలేనని ఉంది. అది చూసి, కార్జం కొద్దిగా నలిగిందంతేనని లివర్ టానిక్ రాశారు. నెలన్నర తాగించాం. ఆ తరువాత సరిహద్దు అవతలి పశువైద్యులొకరు అదే కాగితం చూసి, నక్షత్రం వేసిన అంకె ఆవుకు మామూలుదేనని, జబ్బంతా నక్షత్రం వేయని అంకెలో ఉందని చెప్పారు. పేడ పరీక్షలో కార్జపు జలగల, అంటే కార్జంలో చేరి బతికే పురుగుల, గుడ్లు కనిపించాయి. మందు పట్టించాం గానీ అప్పటికే ఆవు లేవలేని స్థితికి వచ్చేసింది. దక్కలేదు.

ఆయన చెప్పిన తరువాత ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకున్నాను. మనిషిలో ఎస్‌జీఓటీ 40 యూనిట్లు దాటితే ఎక్కువ అంటారు, కానీ ఆవులో 60 నుంచి 130 దాకా ఉండటం సహజం. జీజీటీ సంగతి దీనికి తలకిందులు. మగవారిలో 50 దాటినా పెద్దగా కంగారు పడరు, అదే ఆవుకు పశువైద్య గ్రంథాలు తరచు చెప్పే హద్దు 6 నుంచి 17 మాత్రమే. జలగలు కార్జం నుంచి పిత్తం ప్రవహించే నాళాలను ఒరుసుకుంటూ ఉన్నప్పుడు పెరిగేది ఈ జీజీటీయే కనుక, మా ఆవులో హద్దుకు రెండు రెట్లు దాటిన అంకె మనుషుల కాగితంలో ‘మామూలు’ అయింది. ఎస్‌జీపీటీ మనిషి కార్జానికి నమ్మకమైన గుర్తే గానీ ఆవు, గేదె, మేక కార్జాలలో ఆ ఎంజైము ఉండేదే చాలా తక్కువ, కాబట్టి కార్జం ఎంత పాడైనా అది కదలకపోవచ్చు. ఎస్‌జీఓటీ నిజంగా పెరిగినా అది కండ నుంచి కూడా రావచ్చు. రోజుల తరబడి పడుకున్న పశువుకు, కండకు సూదులు పొడిచిన పశువుకు అది పెరుగుతుంది. కండను, కార్జాన్ని వేరు చేయాలంటే దానితోపాటు కండ దెబ్బతింటే పెరిగే సీకే అనే ఎంజైమును చూడాలి, రక్తంలో నీటిని పట్టి ఉంచే అల్బుమిన్ అనే ప్రోటీను ఎంత పడిపోయిందో కూడా చూడాలి. దవడ కింద నీరు దిగడానికి కారణం ఆ అల్బుమిన్ తగ్గడమే.

వరి మళ్లు, కాలువ గట్లు, నత్తలు ఉన్న మా ప్రాంతంలో, నత్తల ద్వారా వ్యాపించే కార్జపు జలగ కొత్త జబ్బు కాదు. అయితే జలగలు ఎదిగి పేడలో గుడ్లు కనిపించడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఆలోగా పిల్ల జలగలు కార్జాన్ని తొలుచుకుంటూ పోతున్న సంగతి చెప్పగలిగింది రక్తమే. అందుకే ఆ కాగితం సరిగ్గా ఉండాలని ఇంతగా అడుగుతున్నాను.

దూడల విషయంలో ఈ పొరపాటు మరో రూపంలో ఎదురవుతుంది. దూడ రోగనిరోధక శక్తి లేకుండానే పుడుతుంది, ఎందుకంటే ఆవు మాయ గుండా యాంటీబాడీలు దాటవు. తొలి 24 గంటల్లో, అందులోనూ మొదటి కొన్ని గంటల్లో తాగిన ముర్రుపాలతోనే దానికి ఆ శక్తి వస్తుంది. ముర్రుపాలలో జీజీటీ బాగా ఉంటుంది కనుక కడుపునిండా తాగిన దూడ రక్తంలో అది పెద్ద ఆవులో కంటే ఎన్నో రెట్లు కనిపిస్తుంది. మనిషి హద్దులు చూసేవారికి అది కార్జపు జబ్బులా తోస్తుంది, నిజానికి అది దూడకు ముర్రుపాలు అందాయనడానికి గుర్తు. అందాయో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. వెలుగు వంగే తీరును బట్టి ప్రోటీను కొలిచే, అరచేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక వేరుపడే ద్రవం) వేసి వెలుగుకు పట్టి చూస్తే చాలు, మొత్తం ప్రోటీను డెసీలీటరుకు 5.2 గ్రాములకు తగ్గితే ఆ దూడను కనిపెట్టుకుని ఉండాలి. వాపు జబ్బులకు మనుషుల్లో చూసే సీఆర్‌పీ అనే రక్త ప్రోటీను కూడా ఆవులో అంతగా పనికిరాదు. ఆవులో చూడవలసింది హాప్టోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న ఆవులో దాదాపు కనిపించని ఆ ప్రోటీను, పొదుగువాపు వంటివి వచ్చినప్పుడు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రక్తం తీసుకెళ్లే తీరులోనూ లోపం ఉంది. ఎండలో, బస్సు కుదుపులలో గంటల తరబడి వెళ్లిన గొట్టంలో కణాలు చితికి, లేత గడ్డి రంగులో ఉండాల్సిన సీరం ఎర్రబారుతుంది. అటువంటి సీరంలో ఎస్‌జీఓటీ దొంగ లెక్క చూపిస్తుంది. తీసిన చోటే సీరం వేరు చేసి ఐసులో పెట్టి పంపే ఏర్పాటు పల్లె పశువైద్యశాలలకు ఉండాలి.

ఒడిశా పశువైద్య కళాశాల మాకు భువనేశ్వర్‌లో ఉంది, ఆంధ్ర వైపు గరివిడి కళాశాల దానికంటే మాకు దగ్గర. సరిహద్దు పల్లెల నమూనాలను ఏ రాష్ట్రానివని చూడకుండా దగ్గరలోని పశువైద్య ల్యాబు తీసుకునేలా రెండు శాఖలూ మాట్లాడుకోవాలి. అది కుదిరేదాకా మనుషుల ల్యాబులలో పశువు రక్తం తీసుకున్నప్పుడు కాగితం మీద ఆవు, గేదె, మేక అని రాయాలి, మనిషి హద్దులను, నక్షత్రాలను తీసేసి అంకెలు మాత్రమే ఇవ్వాలి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలలో ఒక్కో రిఫ్రాక్టోమీటరు, ఏ పశువుకు ఏ హద్దు వర్తిస్తుందో తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేసిన ఒక పట్టిక ఉంచాలి. వచ్చే వానాకాలం ఈతలు మొదలయ్యేలోగా ఇంతవరకైనా చేయాలని అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా