కవరు మూత కింద గడి

సంపాదకులకు,

ఓటింగ్ చట్టాల మీద చర్చంతా పార్టీల గొడవగానే సాగుతోంది. మా టెక్సస్‌లో 2021 నాటి ఎస్‌బీ 1 అనే రాష్ట్ర ఎన్నికల చట్టం సంగతే చూడండి. పోస్టల్ ఓటు కవరు మూత కింద ఒక గడి పెట్టారు. అందులో డ్రైవింగ్ లైసెన్స్ నంబరో, సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ గుర్తింపు) నంబరులో చివరి నాలుగంకెలో రాయాలి. అది ఓటరు రికార్డుతో కలవాలి. ఎప్పుడో ఏ నంబరిచ్చి నమోదయ్యామో ఎవరికి గుర్తుంటుంది? 2022 మార్చిలో పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో సుమారు 12 శాతం పోస్టల్ ఓట్లు చెల్లలేదు. ఇక్కడ ఆ ఓటు వేసేది ఎక్కువగా 65 దాటినవాళ్లే మరి!

2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించిన సేవ్ బిల్లయితే ఓటరు నమోదుకే పౌరసత్వ పత్రాలు అడిగింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళలకు జనన ధ్రువపత్రంలో పాత పేరే ఉంటుంది, అదో టెన్షన్. ఇలాంటి బిల్లుకు ఓటు వేయడానికి ముందు, చట్టాలు చేసేవాళ్లు ఒక పెద్దాయన పక్కన కూర్చుని ఆ కవరు నింపించి చూడాలి.

- ఒక ఓటరు, టెక్సస్