నాటు పశువుల అమ్మకాలు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం రెండుసార్లు అమ్మకం పెట్టింది. ఒకటి సంక్రాంతి వెళ్లాక, రెండోది ఉగాదికి ముందు. రెండూ విజయనగరం దగ్గర మామిడి తోటలోనే. అలమండ, మానాపురం సంతలు ఉండగా మళ్లీ ఇదెందుకని చాలామంది అడిగారు. సంతలో పశువుకు ధర కట్టేది కండను చూసి, పాలను చూసి. పొట్టి నాటు ఆవుకు రెండూ తక్కువే. పెంచుకునేవాడి కంటే ముందే దళారి చెయ్యి పడుతుంది. మన దగ్గర సంతలోలా గుడ్డ కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా ధర తేల్చే బేరం లేదు. ధర, వయసు చెప్పే పళ్ల లెక్క, తల్లి ఎవరింటిది అన్నవి పలక మీద రాసి కట్టాం.

ఆ పలకల దగ్గరే పేచీ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చినప్పటి నుంచి పొట్టి ఆవు ప్రతిదాన్నీ పుంగనూరే అంటున్నారు. అది చిత్తూరు జిల్లా జాతి. ఎత్తు మూడడుగుల లోపు, వెడల్పు నుదురు, పొట్టి కొమ్ములు, నేలకు తాకేంత తోక. సాలూరు వైపు నుంచి ఒక పెద్దాయన ఎర్రావును తోలుకొచ్చి పుంగనూరని రాయమన్నారు. మూపురం వెనక టేపు పెడితే 40 అంగుళాలు. ‘‘రాస్తే మీ చెయ్యేటి అరిగిపోద్దా బాబూ’’ అని కోప్పడ్డారు. ‘కొండ నాటు ఆవు’ అనే రాశాం. ధర తగ్గిన మాట నిజమే. కొన్నది మాత్రం దుక్కికి కోడెదూడలు కావాలనుకున్న రైతు.

మొదటి అమ్మకంలో తప్పు మనదే. గేటు దగ్గర ఎవరూ చూడలేదు. ఒక కోడెకు నోట చొంగ కారుతుంటే బెల్లం తిందేమో అనుకున్నాం. గిట్టల సందున చూస్తే పుండు. అది గాలికుంటు, పశువు నుంచి పశువుకు ఇట్టే అంటుకునే జబ్బు. అప్పటికే అది ఉమ్మడి తొట్టెలో నీళ్లు తాగేసింది. అమ్మకం అక్కడితో ఆపేశాం. అప్పటికి కొనుక్కెళ్లినవాళ్లకు రెండు వారాలపాటు రోజూ ఫోన్లు, ఒకటే టెన్షన్. అదృష్టం, ఇంకెక్కడా రాలేదు. రెండోసారి పశువైద్యుణ్ణి గేటు దగ్గరే కూర్చోబెట్టాం. చెవికి ట్యాగు, ఆరు నెలల లోపు వేయించిన టీకా లేనిదాన్ని వెనక్కి పంపాం. తిట్టినవాళ్లూ ఉన్నారు.

గొర్రెలు పెద్దగా రాలేదు. వచ్చినవి చాలావరకు నెల్లూరు జోడిపి అనే గొర్రె జాతితో కలిసినవే. ఆ సంగతీ పలక మీద రాశాం.

పందేలకు పేరుపడ్డ అసీలు జాతి కోళ్లను సంక్రాంతికి ముందు అమ్మకూడదన్న తీర్మానం మీద కొందరికి ఇంకా అలక తీరలేదు. భోగికి ముందు పుంజుకు పలికే ధర మాకూ తెలుసు. పందెం బరిలోకి వెళ్లిన పుంజు జాతిని పెంచడానికి తిరిగి రాదు. పెట్టతో కలిపి కొంటేనే పుంజు ఇచ్చాం.

జమాఖర్చుల పట్టీ విడిగా జత చేశాం. పందిరి ఖర్చే ఎక్కువైంది.

వచ్చే ఏడాది ఒక అమ్మకం తమ వైపు పెట్టాలని టెక్కలి సభ్యులు అడుగుతున్నారు. నీడ, నీళ్లు ఉన్న చోటు చూపిస్తే పెడదాం. బకెట్టు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.