పీల్ నది అడవి దక్కింది ఎలా?

సంపాదకులకు,

ఉత్తరాది అడవుల మీద మీరు ప్రచురించిన వ్యాసం ఊరేగింపులు, సంతకాల దగ్గరే ఆగిపోయింది. కెనడాలోని యూకాన్‌లో పీల్ నదీ పరీవాహకాన్ని కాపాడింది మాత్రం ఒప్పందంలోని ఒక విధివిధానం.

ఇది సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి మించిన నేల. అక్కడి ఆదివాసీ జాతులతో ప్రభుత్వం చేసుకున్న 1993 నాటి ఒప్పందం ప్రకారం ఇక్కడ భూవినియోగ ప్రణాళికను స్వతంత్ర కమిషన్ రాస్తుంది, యూకాన్ ప్రభుత్వం రెండుసార్లు పరిశీలిస్తుంది. తనకు కావలసిన మార్పులను మొదటిసారే కారణాలతో చెప్పాలి. రెండోసారి చేసే సవరణలు ప్రధానంగా వాటికి లోబడే ఉండాలి.

ప్రభుత్వం మొదటిసారి 'సమతూకం కావాలి, దారులు కావాలి' అని పైపైన రాసి ఊరుకుంది. కమిషన్ 2011లో 80 శాతం నేలను కాపాడమంది. 2014లో ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి, 71 శాతం గనులకు తెరిచే సొంత ప్రణాళిక తెచ్చింది. నాచో న్యాక్ డున్, ట్రాండెక్ హ్వెచిన్ అనే ఆదివాసీ జాతులు, పర్యావరణ సంఘాలు కలిసి కోర్టుకెక్కాయి. అప్పీలు కోర్టు ఆ ప్రణాళికను కొట్టేసినా, ప్రభుత్వాన్ని మళ్ళీ మొదటి దశకు పంపింది. అంటే తప్పు రాసినవారికే మరో అవకాశం! 2017 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అది కుదరదంది. చివరి సంప్రదింపుల దశ నుంచే మొదలుపెట్టమంది.

అభ్యంతరం రాసేవారు గమనించవలసింది ఇక్కడే. 'అడవిని కాపాడండి' అన్న వాక్యం ఫైలులో పడి ఉంటుంది. ఏ నేల ముక్కలో, ఏ రోడ్డు, ఏ వాగు దాటుతుంది, ఎందుకు వద్దు అన్నవి గడువులోగా చేరాలి. అక్కడ రోడ్డు చిన్న విషయం కాదు. ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల మీద నాచుపొర చెక్కేస్తే, అడుగున మంచు కరిగి నేల కుంగుతుంది. మన ఏజెన్సీలో సర్వే నంబరు లేని గ్రామసభ తీర్మానమూ ఆ 'అడవిని కాపాడండి' వాక్యమంత బలహీనం.

2019లో సంతకాలైన ప్రణాళికలో రక్షణ 83 శాతానికి చేరింది. అందులో శాశ్వతం 55 శాతమే. మిగతా 28 శాతం తాత్కాలికం, మళ్ళీ సమీక్షకు వస్తుంది. పాత ఖనిజ క్లెయిములూ (గనుల కోసం ముందే నమోదైన హక్కులు) రద్దు కాలేదు. 'గెలిచాం' అని రాసేవారు ఈ రెండూ రాయడం లేదు.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం