సముద్రం లేని దేశం నుంచి

ఒరే బావా,

నేను ఉగాండా వచ్చానని ఊళ్లో అందరూ ఫోన్ చేసి సింహాల గురించి అడుగుతుంటే, నువ్వొక్కడివే "మీకు దగ్గర్లో పోర్టు ఏదిరా?" అని అడిగావు. వైజాగ్ పోర్టులో ఇన్నేళ్లు నలిగినవాడివి అనిపించుకున్నావు. దగ్గర్లో ఏదీ లేదు. ఇక్కడి రాజధాని కంపాలాలో ఉన్నవాడు సముద్రం చూడాలంటే పక్క దేశం కెన్యా మొత్తం దాటి మొంబాసా దాకా పోవాలి. రోడ్డు మీద 1,100 కిలోమీటర్ల పైమాటే. వైజాగ్ నుంచి బెంగళూరు కూడా అంత ఉండదు కదరా.

నాది స్టోర్స్ పని కదా, నీ దగ్గర ఓడ కదిలిన రోజు నుంచే నాకు టెన్షన్ మొదలు. మొంబాసాలో దింపాలి, లారీ ఎక్కించాలి, సరిహద్దులో కాగితాలు చూపించాలి. అక్కడ లారీల వరస చూశావంటే మన గాజువాక ట్రాఫిక్కుకి దండం పెడతావు. 2008 జనవరిలో కెన్యాలో ఎన్నికల గొడవలు జరిగితే ఇక్కడ పెట్రోలు దొరకలేదట. గొడవ వాళ్లింట్లో, పొయ్యి ఆరింది వీళ్లింట్లో!

ఇక్కడి బైకు ట్యాక్సీని బోడా బోడా అంటారు. అదీ సరిహద్దు మాటే. రెండు దేశాల గేట్ల మధ్య జనాన్ని సైకిళ్ల మీద దాటించేవాళ్లు "బోర్డర్, బోర్డర్" అని కేకలేసేవాళ్లట. అది నోళ్లలో నలిగి బోడా బోడా అయింది.

సముద్రం లేదని నీళ్లు లేవనుకునేవు. ఎంటెబ్బేలో విమానం దిగుతుంటే కిటికీలోంచి కనిపించింది సముద్రమే అనుకున్నాను. విక్టోరియా సరస్సట. 68,000 చదరపు కిలోమీటర్ల పైనే, మూడు దేశాలు పంచుకుంటాయి. అవతలి ఒడ్డు కనపడదు, అలలు కూడా ఉన్నాయి. కానీ ఆ వాసన లేదురా! ఉప్పు వాసన లేని ఒడ్డున నిలబడితే ఏదో వెలితి.

జింజా అనే ఊళ్లో ఆ సరస్సులోంచే నైలు నది బయల్దేరుతుంది. 1948లో గాంధీగారి అస్థికలు కొన్ని అక్కడ కలిపారు, గుర్తుగా విగ్రహం ఉంది. ఆ నీళ్లు మధ్యధరా సముద్రం చేరడానికి మూడు నెలలు పడుతుందంటారు. నా కంటైనర్లతో పోలిస్తే పెద్ద ఆలస్యమేం కాదు.

మన రెండు రాష్ట్రాలూ కలిపితే ఎంతో, దేశం అంతకంటే కాస్త చిన్నది. 2024 లెక్కల్లో జనం నాలుగున్నర కోట్లు దాటారు. భూమధ్యరేఖ ఈ దేశంలోంచే పోతుంది కానీ ఎండ మన మే నెలలా చంపదు. కంపాలా 1,200 మీటర్ల ఎత్తున ఉంది, నా గదిలో ఫ్యానే లేదు.

ఒకటి చెప్తే నవ్వుతావు. ఇక్కడి లుగాండా భాషలో గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు. మన ఏడు వాళ్లకి ఒకటి. పొద్దు ఏడాదంతా ఇంచుమించు ఒకే వేళకి పొడుస్తుంది కాబట్టి లెక్క తప్పదు. మన తాతలు జాములు లెక్కపెట్టినట్టే అనుకో. లారీ "స్సావా బ్బిరి"కి వస్తుందన్నారు. బ్బిరి అంటే రెండు. నేను మధ్యాహ్నం తీరుబడిగా భోంచేసి రెండుకి వెళ్లాను. ఆ లారీ పొద్దున్న ఎనిమిదికే వచ్చి గేటు బయట నిలబడి ఉంది! మేనేజరుతో అక్షింతలు నాకే పడ్డాయి.

మనవాళ్ల కథ కూడా పెద్దదే. 1896లో మొంబాసా నుంచి రైలు వేయడం మొదలుపెట్టి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి 32,000 మంది కూలీల్ని తెచ్చారు, దాదాపు 2,500 మంది చచ్చిపోయారు. పేరుకి అది ఉగాండా రైల్వే, 1901లో సరస్సు చేరిన ఆ పట్టాలు మాత్రం మొత్తం ఇప్పటి కెన్యాలోనే ఉన్నాయి. తర్వాత గుజరాతీలు వచ్చి దుకాణాలు, చెరకు తోటలు పెట్టారు. 1962లో స్వతంత్రం. 1972లో ఈదీ అమీన్ అనే నియంత ఆసియావాళ్లకి 90 రోజులు గడువిచ్చి వెళ్లగొట్టాడు. జింజా వీధిలో పాత మేడల నొసట గుజరాతీల పేర్లు, కట్టిన సంవత్సరాలు ఇంకా ఉన్నాయి. నేను వాటి కింద ఊరికే చాలాసేపు తిరిగాను. తొంభై రోజుల్లో ఏం సర్దుకుంటారు బావా? 1986 నుంచి ముసెవెని పాలన. ఆయన వచ్చాక ఆస్తులు తిరిగి ఇస్తామంటే కొందరు వెనక్కి వచ్చారు.

చపాతీ మాత్రం ఎక్కడికీ పోలేదు. దాంట్లో ఆమ్లెట్టు పెట్టి చుట్టి "రోలెక్స్" అని ప్రతి సందులో అమ్ముతారు. నా టిఫిను అదే. మటోకే అని అరటికాయల్ని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదుపుతారు, పైన వేరుశనగ పులుసు. నాకైతే పచ్చిమిరపకాయ కొరుక్కుంటే తప్ప దిగదు.

మొన్న సంతలో ముకేనే అనే ఎండుచేప చూసి ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన నెత్తళ్లే! వంకాయ వేసి వండాను. సరస్సు చేప కదా, చప్పగా ఏడ్చింది. వచ్చే నెల ఎవరో విజయనగరం కుర్రాడు ఇటు వస్తున్నాడు, నీ నంబరు ఇచ్చాను. జాలారిపేటలో రెండు కేజీల నెత్తళ్లు కొని వాడి పెట్టెలో గట్టిగా కట్టి పెట్టించు. ఓడలో మాత్రం వేయకురా.

నీ బావ