ఫ్రెంచ్ ప్రెస్‌ల విషయంలో మా పొరపాట్లు, ఇకపై మేము అమ్మబోయేవి

విశాఖపట్నంలోని మా దుకాణంలో కాఫీ గింజలు వేయించి, పొడి పట్టి అమ్మడం మొదలై తొమ్మిదేళ్లయింది. ఫ్రెంచ్ ప్రెస్‌లు అమ్మడం మాత్రం రెండేళ్ల కిందటే మొదలైంది. ఈ రెండేళ్లలో వాటి గురించి మేము మీకు చెప్పిన మాటల్లో కొన్ని సగం తెలిసి చెప్పినవనీ, ఒకటి రెండు పూర్తిగా తప్పనీ తేలాయి కనుక, ఏ రకాన్ని అరలోంచి తీసేశామో, ఏది ఉంచామో, ఎందుకో కొన్నవారికీ కొనదలచినవారికీ రాతపూర్వకంగా చెప్పడం మా బాధ్యత. తెలియనివారి కోసం ఒక్క మాట: పాత్రలో బరక పొడి వేసి, వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలు నాననిచ్చి, జల్లెడ బిగించిన కడ్డీని కిందికి నొక్కితే పొడి అడుగున ఆగిపోయి కాఫీ పైన మిగిలే సాధనమే ఫ్రెంచ్ ప్రెస్.

సంక్రాంతి వెళ్లిన వారంలో, రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు తన ప్రెస్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చారు. “బాబూ, వరద గోదారి ఇంతకంటే తేటగా ఉంటుంది” అని, తనతో తెచ్చిన పొడితో మా ఎదుటే కాఫీ కలపమన్నారు. కలిపాము. నాలుగు నిమిషాల తర్వాత ఆయన కడ్డీ నొక్కబోతే అది సగంలోనే బిగుసుకుపోయింది. రెండు అరచేతులూ పెట్టి అదిమేసరికి మూత అంచు నుంచి వేడి కాఫీ ఎగజిమ్మి ఆయన చొక్కా మీద పడింది. అదృష్టవశాత్తూ చేయి కాలలేదు. గ్లాసులో పోసి చూస్తే అడుగున వేలెడు మడ్డి.

తప్పు ఆయనదీ కాదు, ప్రెస్‌దీ కాదు. ఆ పొడిని పట్టి ఇచ్చింది మేమే, అదీ డికాషన్ ఫిల్టరుకు పట్టే మెత్తదనంలో. ఆ సాయంత్రం పాత బిల్లులు తిరగేస్తే, ప్రెస్‌తో పాటు పొడి కొన్నవారిలో సగానికి పైగా అదే మెత్తని పొడిని తీసుకుపోయినట్టు కనిపించింది. ‘ఏ సాధనానికి పొడి కావాలి?’ అన్న ఒక్క ప్రశ్న అడగకుండా చేయి అలవాటు కొద్దీ మర తిప్పేశాము. ప్రెస్‌కు కావలసింది వేళ్ల మధ్య నలిపితే గోధుమ రవ్వలా గరగరలాడే పొడి. మెత్తని పొడి జల్లెడ కళ్లను మూసేస్తుంది, నీటికి దారి ఉండదు, పైనుంచి బలం పెడితే వేడినీరు పక్కల నుంచి తన్నుకొస్తుంది. కడ్డీ బరువుగా దిగుతున్నట్టు అనిపిస్తే నొక్కడం ఆపి, కొద్దిగా పైకి లాగి, మళ్లీ మెల్లగా దించాలి తప్ప ఎప్పుడూ బలప్రయోగం చేయవద్దు.

ఇక ఎంపిక విషయానికి వస్తే, మా దగ్గర అందరూ మొదట అడిగేది గాజా, స్టీలా అని. మా అనుభవంలో అది రెండో ప్రశ్న. మొదట చూడవలసింది జల్లెడ, ఎందుకంటే ప్రెస్‌లో కాఫీ రుచిని నిర్ణయించే భాగం అదొక్కటే. మిగిలినదంతా వేడినీటి పాత్ర. మంచి ప్రెస్‌లో జల్లెడ మూడు ముక్కలుగా విడివడుతుంది: పైన చుట్టూ స్ప్రింగు ఉన్న పళ్లెం, నడుమ సన్నని స్టీలు జల్లెడ, కింద దాన్ని పట్టి ఉంచే చిల్లుల బిళ్ల. ఈ మూడూ కడ్డీ చివర మరతో బిగుస్తాయి. జల్లెడ అంచు పాత్ర గోడకు అన్ని వైపులా ఒరుసుకుంటూ దిగాలి; ఒక పక్క గోరంత సందు ఉన్నా పొడి అక్కడి నుంచి పైకి వస్తుంది. కొనేముందు దుకాణంలోనే చన్నీళ్లు పోసి, చిటికెడు బరక పొడి వేసి, నొక్కి, వెలుతురుకు ఎత్తి చూడండి. మా దగ్గరైతే ఇకపై అడగకుండానే చూపిస్తాము.

మేము తీసేసిన రకం ఇక్కడే దెబ్బతిన్నది. అది అన్నింటికంటే చవక, చూడటానికి ముచ్చటగా ఉండేది, బాగా అమ్ముడుపోయింది కూడా. కానీ దాని జల్లెడను కడ్డీకి శాశ్వతంగా బిగించేశారు, విప్పడానికి వీలు లేదు. కాఫీ గింజలో నూనె ఉంటుంది. కాగితపు ఫిల్టరు ఆ నూనెను పీల్చుకుంటుంది, ప్రెస్ మాత్రం దాన్ని కప్పులోకి వదులుతుంది, ఆ నిండుదనం కోసమే చాలామంది దీన్ని ఇష్టపడతారు. అదే నూనె విప్పరాని జల్లెడ పొరల మధ్య రోజుల తరబడి ఉండిపోతే ముక్కిపోతుంది. ఒక ఖాతాదారు ఆరు నెలలు వాడి తిరిగి తెచ్చిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే, మూత వేసి మరిచిపోయిన నూనె డబ్బా వాసన కొట్టింది. ఆయన మాత్రం మా గింజలు పాతవని అనుకుని రెండు నెలలుగా వేరే దుకాణంలో కొంటున్నారట. జల్లెడ అంచు తీగలు విచ్చుకుని వేలికి గుచ్చుకోవడం ఇంకో లోపం. సరఫరాదారుతో మాట్లాడితే ‘ఆ ధరకు అంతే వస్తుంది’ అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు, అయితే దాన్ని కొనే ముందు మీకు చెప్పవలసినది మేము.

పరిమాణం దగ్గర ఇంకో పొరపాటు చేశాము. డబ్బా మీద ‘ఎనిమిది కప్పులు’ అని ఉంటే అలాగే చెప్పి అమ్మాము. ఆ కప్పు సుమారు 120 మిల్లీలీటర్ల చిన్న కప్పు. అంటే ఎనిమిది కప్పుల ప్రెస్ ఒక లీటరుది, మూడు కప్పులది 350 మిల్లీలీటర్లది. మన ఇళ్లలో మగ్గుతో తాగేవారికి లీటరు పాత్ర నలుగురికి సరిపోతుంది, 350ది ఒక్కరికే. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని పీల్చుకుంటుంది కనుక, 500 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే చేతికి 440 దాకానే వస్తుంది. ‘ఎందుకైనా మంచిది, పెద్దది తీసుకుందాం’ అనుకోవడం కూడా ఇక్కడ పనికిరాదు. లీటరు పాత్రలో ఒక్కరికి సరిపడా కొద్ది నీళ్లు పోస్తే, వెడల్పు పాత్రలో అవి పలచగా పరుచుకుని త్వరగా చల్లారతాయి, కడ్డీ చివరి దాకా దిగినా జల్లెడ కింద మిగిలిపోయే కాఫీయే ఎక్కువ. ఇద్దరు ఉండే ఇంటికి 500 మిల్లీలీటర్లది సరి.

ఇప్పుడు గాజూ స్టీలూ. గాజు కొంటే వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజే కొనాలి. మామూలు గాజు వేడికి దానికంటే దాదాపు మూడింతలు వ్యాకోచిస్తుంది, అందుకే మరిగే నీళ్లు పోస్తే పగులుతుంది. అయితే మా దగ్గరికి వచ్చిన పగుళ్లలో నీళ్లు పోసినప్పుడు వచ్చినవి తక్కువ. స్టీలు చెంచాతో అడుగు దాకా గిలకొట్టడం, సింకులో గిన్నెల మధ్య పడేయడం, వేడి పాత్రను వెంటనే కుళాయి కింద పెట్టడం, వీటివల్లే ఎక్కువ పోయాయి. కలపడానికి చెక్క గరిటె వాడండి. గాజు ప్రెస్ కొనేటప్పుడు విడి గాజు దొరుకుతుందా అని తప్పక అడగండి. దొరకకపోతే, ఒక్క గాజు పగిలిన రోజున పిడి, మూత, కడ్డీ అన్నీ చెత్తబుట్ట పాలే. బోడమ్ వారి షాంబోర్డ్ వంటి పేరున్న రకాలకు విడి గాజులు విడిగా అమ్ముతారు, అందుకే ధర ఎక్కువైనా వాటిని ఉంచుతున్నాము.

అన్నట్టు, ‘సరికొత్త సాంకేతికత’ అని డబ్బా మీద రాసి ఉన్న ప్రెస్‌కు అదనంగా డబ్బు పెట్టకండి. మిలాన్‌కు చెందిన కాలిమానీ, మొనేటా దీనికి పేటెంటు తీసుకున్నది 1929లో. బొండనీని అనే ఆయన మెరుగుపరచిన రూపానికి పేటెంటు 1958 నాటిది. ఇప్పుడు మీ వంటింట్లో ఉన్నది ఇంచుమించు అదే.

రెండు పొరల స్టీలు ప్రెస్ పగలదు, వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ప్రయాణాలకు మంచిది. కానీ ‘అరగంట దాకా వేడిగా ఉంటుంది’ అని మేము చెప్పిన మాటలో ఒక మెలిక ఉంది: నొక్కిన తర్వాత కూడా పొడి అడుగున నీళ్లలోనే ఉంటుంది కనుక కాఫీ దిగుతూనే ఉండి చేదెక్కుతుంది. ఏ రకమైనా సరే, నొక్కిన వెంటనే మొత్తం వేరే పాత్రలోకి, వీలైతే ఫ్లాస్కులోకి, వంపేయాలి. అలా వంపేసేవారికి స్టీలుకు అదనపు ధర పెట్టవలసిన పని అంతగా లేదు.

స్టీలులో రకం చూడాలి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, తుప్పును అది అంతగా తట్టుకోదు. అయస్కాంతం పెట్టి చూసే పరీక్ష ఇక్కడ పనిచేయదు, రెండూ దానికి పెద్దగా అంటుకోవు. కిందటేడు 304 అని చెప్పి మాకిచ్చిన ఒక విడతలో, సముద్రపు గాలికి మూడు నెలల్లోనే మూతి అతుకుల దగ్గర ఎర్రని చుక్కలు తేలాయి. చుక్క వేసి రంగు చూసే ద్రావణంతో పరీక్షిస్తే అది 202 అని తేలింది. వచ్చినవారందరికీ డబ్బు తిరిగి ఇచ్చాము. ఇంకా ఇద్దరు రావలసి ఉంది, దయచేసి రండి.

వ్యాపారానికి నష్టమే అయినా ఇంకో మాట చెప్పాలి. పాలు చిక్కగా పోసి తాగే ఫిల్టరు కాఫీయే మీకు ఇష్టమైతే ఫ్రెంచ్ ప్రెస్ కొనకండి. ప్రెస్‌లో దిగేది డికాషన్ కాదు, పలచని నల్ల కాఫీ. అందులో పాలు పోస్తే పాల రుచే మిగులుతుంది. ఇంట్లో ఉన్న ఇత్తడి ఫిల్టరే ఆ పనికి సరైనది. చికోరీ కలిపిన పొడి కూడా దీనికి వద్దు, చికోరీ నానినప్పుడు మెత్తబడి జల్లెడకు అడ్డం పడుతుంది. ప్యాకెట్టు మీద చికోరీ శాతం ముద్రించి ఉంటుంది, చూసి కొనండి. నల్లగా తాగేవారికి అరకు అరబికా మధ్యస్థంగా వేయించినది ప్రెస్‌లో బాగా తేలుతుంది: 500 మిల్లీలీటర్లకు 30 గ్రాములు, మరిగిన నీళ్లను అర నిమిషం ఆగనిచ్చి పోయడం, నాలుగు నిమిషాలు. కప్పు అడుగున చివరి గుటక మాత్రం వదిలేయండి, ఎంత మంచి జల్లెడైనా కొద్దిపాటి మడ్డి రాకుండా ఆపలేదు. కొలెస్టరాల్ ఎక్కువని వైద్యులు చెప్పినవారు రోజూ ప్రెస్ కాఫీ తాగే ముందు వారినే అడగడం మంచిది, కాగితపు ఫిల్టరు ఆపగలిగే కాఫెస్టాల్ అనే పదార్థాన్ని స్టీలు జల్లెడ ఆపదు. అది చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది.

జల్లెడ విప్పరాని ఆ చవక రకాన్ని మా దగ్గర కొన్నవారు బిల్లు లేకపోయినా తీసుకు రండి, పూర్తి ధర తిరిగి ఇస్తాము, లేదా మరో రకానికి సర్దుబాటు చేస్తాము. మెత్తగా పట్టి ఇచ్చిన పొడి పొట్లాం తెస్తే దాని బదులు బరక పొడి ఇస్తాము. మాస్టారుకు అలాగే ఇచ్చాము; ఆయన మళ్లీ వచ్చి, ‘ఇప్పుడు గోదారి శీతాకాలంలో ఉంది’ అని మాత్రం అన్నారు. 500 మిల్లీలీటర్ల పాత్రకు విడి గాజులు ప్రస్తుతం ఆరే ఉన్నాయి, కనుక పగలగొట్టుకున్నవారు బయలుదేరే ముందు ఒకసారి ఫోను చేయండి.